రెండో గొంతు

స్వాతి కార్తె, మంగళవారం. పొద్దుటి కాపలా.

తూరుపు మంచె మీద ఇవాళ కూడా నేనే, వెంకాయమ్మను. గాలి ఉప్పగా ఉంది. దారి కొసదాకా కనిపిస్తోంది. కనిపిస్తోందనే అనుకుంటున్నాను.

నా తర్వాత మంచె ఎక్కేవాళ్ళ కోసం ఈ పుస్తకం రాయాలని మా విమానాల మైదానం చూసుకునే ఫిరోజా మేడమ్ గారి ఆర్డరు. ఏం చూశావు, దేన్ని ఆపావు, ఎందుకు ఆపావు, అంతే రాయమన్నారు. పోయినసారి ఊరగాయ జాడీకి మూత పెట్టానో లేదో అని కూడా రాస్తే, "వెంకాయమ్మ గారూ, జాడీ సంగతి విమానాలకి అక్కర్లేదండీ" అని నవ్వారు. నిజమే, అక్కర్లేదు. కానీ ఆ పూటంతా ఆ మూత గురించి ఆలోచిస్తూనే నేను దారి చూశాను. అది రాయకపోతే ఎలా? నేను చదివింది మూడో తరగతి. ఏది వదిలెయ్యాలో నాకు తెలీదు.

అసలు నాకీ ఉద్యోగం వచ్చిందే బెంగ వల్ల. విమానాన్ని నడిపే మిషనుకి లెక్క తెలుసు గానీ భయం తెలీదు. ఉత్తరపు విమానాల రేవులో ఉప్పుమంచు పట్టినప్పుడు రెండు విమానాలు ఒకే దారి మీద గుద్దుకున్నాయి. ఆ తర్వాత ప్రతి దారికీ ఇటొక మంచె, అటొక మంచె కట్టి భయం తెలిసినవాళ్ళని కూర్చోబెట్టారు. రన్‌వే అంటారు మేడమ్ గారు, మేం దారి అంటాం. ఉద్యోగం పరీక్షలో "ఇంటికి తాళం వేశాక ఎన్నిసార్లు లాగి చూస్తారు?" అని అడిగారు. ఆ మాటతో నాకు తాళం గుర్తొచ్చి, సగంలో లేచి ఇంటికి పరిగెత్తాను. నేను తిరిగి వచ్చేసరికి ఉద్యోగం ఇచ్చేశారు.

పని ఇదీ. దిగే విమానం మైకులో "తూరుపు మంచె, దారి?" అని అడుగుతుంది. నేను ఖాళీ అనో, కాదనో చెప్పాలి. తర్వాత "పడమటి మంచె, దారి?" అంటుంది. రెండు గొంతులూ ఖాళీ అంటేనే దిగుతుంది. ఎవరు కాదన్నా పైకి లేచి, చుట్టు తిరిగి మళ్ళీ వస్తుంది. ఒకరు ఊరుకుంటే రెండోవాళ్ళ మాటే మాట. వయసులో పెద్దవాళ్ళని ముందు అడగడం మర్యాద అని ఈ వరస పెట్టారు.

పడమటి మంచె మీద మా మస్తానమ్మ. నా తోటికోడలు, మా మరిది భార్య.

ఇవాళ నీళ్ళ విమానాన్ని వెనక్కి పంపాను. దారి మీద తెల్లగా ఏదో కదిలింది. తీరా చూస్తే గోనెసంచి. సాయంత్రం మా మనవరాలు పెంచల ఊరుకోలేదు. అది లాగుడు బండి డ్రైవరు. దిగిన విమానాలు సొంతంగా నడిస్తే చార్జింగు ఖర్చని, దాని బండి వాటిని దారి దాటించి లాక్కుపోతుంది. దారి అంచున గీత దగ్గర ఆగి, మిషను దారి తెరిచాకే దాటాలి.

"జేజీ, గోనెసంచిని చూసి నీళ్ళ విమానాన్ని తరిమేశావంట. బిందెలు పట్టుకోని లైన్లో నిలబడినోళ్ళంతా నీ పేరే జపం చేస్తుండారు."

"చెయ్యనీలే. గోనెసంచి గాబట్టి సరిపోయింది. నువ్వయితే?"

"నేను గోనెసంచి కంటే లావుగా ఉంటాలే, కనపడతా" అంది.

విశాఖ కార్తె, శుక్రవారం. పొద్దుటి కాపలా.

ఉప్పుమంచు మొదలయింది. సముద్రం వెనక్కి పోయి వదిలేసిన ఈ నేలంతా చలికాలం వచ్చేసరికి తెల్లగా పొగలేస్తుంది. ఆ పొగ బండ్ల మీది పెట్టెల్లో పేరుకుంటుంది. బండి ఎక్కడుందో మిషనుకి చెప్పేది ఆ పెట్టే. ఉప్పు పట్టిందంటే అది ఒక్కోసారి పాత చోటే పట్టుకు వేలాడుతుంది. అందుకే చలికాలంలో మా కళ్ళే గతి.

ఆ కళ్ళ సంగతే రాయాలి. కుడికన్ను ముందు పాలమీగడ అడ్డం పెట్టినట్టుంది. నాలుగైదు రోజులుగా అద్దం తుడుస్తున్నాను. మురికి అద్దానికి కాదు.

ఆసుపత్రికి పోయి కళ్ళు చూపించుకున్నాను. పరీక్ష చేసే అబ్బాయి అక్షరాలు చదవమన్నాడు. పైవరస చదివాను. కిందివరస నీళ్ళలో పడ్డట్టు ఉంది. తడబడుతుంటే, "పర్లేదులే అవ్వా, చదివినట్టే. ఈ వయసులో నీ అంత చూపు మాకుండదు" అని ముద్ర కొట్టి పంపాడు. ఆ పిల్లాడు మంచివాడు. ఆ మంచితనమే నన్ను ఇంటిదాకా భయపెడుతూ వెంట వచ్చింది.

సరే, నేను పొరబడినా రెండో గొంతు ఉంది కదా అనుకున్నాను. అందుకే కదా ఇద్దర్ని పెట్టింది. కానీ ఇవాళ కాపలాలో చెవి పెట్టి విన్నాను. నేను "ఖాళీ" అన్న మరుక్షణం, విమానం తనని అడగడం పూర్తి కాకముందే, "ఖాళీ అక్కా" అని మస్తానమ్మ గొంతు వస్తోంది. దారి కొస నుంచి కొసకి కన్ను తిప్పడానికి నాకు ఊపిరి తీసి వదిలేంత సేపు పడుతుంది. ఆమెకి ఆ ఊపిరి ఎక్కడిది?

 

విశాఖ కార్తె, ఆదివారం. కాపలా లేదు.

కాపలా లేని రోజు రాయనక్కర్లేదు. అయినా రాస్తున్నాను.

ఇవాళ పప్పులో ఉప్పు వెయ్యలేదు. మర్చిపోయి కాదు. చుట్టూ పొలిమేరదాకా ఉప్పు తప్ప మరొకటి లేని చోట కూర్చుని, చేతిలోకి ఉప్పు తీసుకుని, మళ్ళీ డబ్బాలో పోసేశాను. పాపం చేస్తున్నట్టు అనిపించింది.

మస్తానమ్మకి వడ్డించి ఎదురుగా కూర్చున్నాను.

"పప్పు ఎట్టుంది మస్తానమ్మా?"

"బ్రమ్మాండంగా ఉండాది అక్కా."

"ఉప్పు సరిపోయిందా?"

"సరిగ్గా సరిపోయిండాది. నీ చేతికి తిరుగేముంది?" అని ఇంకో గరిటె వేయించుకుంది కూడా.

అంతలో పెంచల వచ్చి ముద్ద నోట్లో పెట్టుకుని, "థూ, ఏంది జేజీ ఇది, ఉప్పెయ్యలా!" అని అరిచింది. "చిన్నజేజీ, నీ నాలుక అరిగిపోయిందా ఏంది?"

మస్తానమ్మ మొహం ఎర్రగా అయిపోయింది. "పెద్దామె చేసినాక వంకలేంది మే, నోర్మూసుకోని తిను" అని దాన్నే కసిరింది.

ఉప్పు లేని పప్పుని బాగుందన్న నోరే, నేను ఖాళీ అన్నాక దారి ఖాళీ అంటోంది. దారికి రెండు గొంతులు ఉన్నాయని అందరూ నిశ్చింతగా ఉన్నారు. ఉన్నది ఒకటే. దాని కుడికన్నుకి మీగడ కట్టింది.

విశాఖ కార్తె, సోమవారం. పొద్దుటి కాపలా అయ్యాక.

ఇంక ఆగలేక, మంచె దిగగానే మస్తానమ్మని అడిగేశాను. ఇద్దరం నీళ్ళ విమానం కాడ బిందెలు పెట్టుకుని వరసలో ఉన్నాం.

"నిజం చెప్పు. నువ్వు దారి చూసి చెప్తుండావా, నా మాట విని చెప్తుండావా?"

"చూస్తానక్కా."

"ఎప్పుడు చూస్తావు? నేను చెప్పకముందా, చెప్పినాకా?"

బిందె మూతిని చీరకొంగుతో తుడిచింది. "నువ్వు చెప్పినాక నేను చూసేదేముందక్కా? నువ్వు ఖాళీ అన్నాక నాకేదన్నా కనపడిందనుకో, నీ మాట మీద మాట ఎట్టేసేది? కాపురానికొచ్చిన కాడ్నించి ఎప్పుడన్నా ఏసినానా?"

వెయ్యలేదు. మా అత్త ఉన్నరోజుల్లో ఆ ఇంట్లో చిన్నకోడలు పెద్దకోడలి కంటే ముందు నోరు తెరవకూడదు. అత్త పోయింది, ఇల్లు పోయింది, ఊరు పోయింది, సముద్రం కూడా పోయింది. ఆ మర్యాద ఒక్కటి మాతోపాటు మంచె ఎక్కింది.

"నాకు కళ్ళు కనపడట్లేదు మస్తానమ్మా" అన్నాను.

"అట్టనకక్కా. నీకేం, డేగ కళ్ళు" అంది వెంటనే.

ఇదిగో, మళ్ళీ.

అక్కడినుంచి ఫిరోజా మేడమ్ గారి దగ్గరికి పోయాను. నన్ను దింపెయ్యమని అడిగాను. ఆమె కుర్చీ వేసి, టీ తెప్పించారు.

"మీ కళ్ళ పరీక్ష చూసినప్పుడే నాకు అనుమానం వచ్చిందండీ. పిలిచి మళ్ళీ చూపించుకోండి అందామనుకున్నా. మా అమ్మమ్మ వయసు మీది, ఎలా అడగను అని ఊరుకున్నాను. తప్పు నాది."

ఆమె మీద కోపం రాలేదు. అలాంటి మాట ఎవరు మాత్రం మొహాన చెప్తారు? మన మనుషులకే మొహమాటం జబ్బు.

"మంచు మూలంగా మనిషి దొరకడం లేదండీ" అన్నారు. "వచ్చే వారానికి ఒకర్ని తెప్పిస్తాను. పడమటి మంచెని ముందు అడిగేలా మార్చమని పైకి రాస్తాను. అప్పటిదాకా ఎలాగో నడిపించండి. అనుమానం వస్తే కాదనండి. ఎటూ రెండో గొంతు ఉంది కదా."

రెండో గొంతు ఉంది కదా. టీ సగంలో వదిలేసి లేచాను.

అనూరాధ కార్తె, గురువారం.

ఇది మధ్యాహ్నం రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే క్షమించాలి.

పొద్దున మంచె ఎక్కేసరికి తెలుపు తప్ప ఏమీ లేదు. మంచు ఎంతో, నా కన్ను ఎంతో తెలీదు. ఈ మూడు రోజులూ అనుమానం వచ్చిన ప్రతిదాన్నీ కాదు, కాదు అంటూ తిప్పి పంపాను. నేను కాదన్నప్పుడల్లా మస్తానమ్మ కూడా "కాదక్కా" అంది. విమానాలు గద్దల్లా పైన తిరుగుతూనే ఉన్నాయి.

ఇవాళ దక్షిణపు దారి మూసేశారు. అన్నీ మా దారికే. జనం విమానం ఒకటి వచ్చి అడిగింది. కనపడక కాదన్నాను. చుట్టు తిరిగి వచ్చింది. వచ్చి, ఎప్పటిలాగే నెమ్మదిగా, పెళ్ళిపిలుపు పిలిచినట్టు చెప్పింది.

"చార్జింగు తక్కువగా ఉంది. ఇంకొక్క చుట్టు మాత్రమే తిరగగలను. తూరుపు మంచె, దారి?"



ఊరికే కాదంటే ఆ ఒక్క చుట్టూ కరిగిపోతుంది. తర్వాత దారి మీద ఏమున్నా అది దిగాల్సిందే. ఖాళీ అంటే, ఖాళీ కాకపోతే? నేను ఏదంటే మస్తానమ్మ అదే అంటుంది. అటు మంచు పలచగా ఉండొచ్చు. ఆమె కళ్ళు నాకంటే పదేళ్ళు చిన్నవి. ఈ మైదానంలో దారి చూడగలిగిన మనిషి ఆమె ఒక్కతే. ఆ మనిషి చూడకుండా చేస్తున్నది నా గొంతు.

చీరకొంగు నోట్లో కుక్కుకున్నాను.

"తూరుపు మంచె, దారి?"

పళ్ళు బిగించాను. మౌనం అర్ధాంగీకారమంటారు. దేవుడా, ఆమె దీన్ని ఒప్పుకోలు అనుకుంటే? అక్క ఊరుకుందంటే ఖాళీయేలే అనేస్తే? నేనే నోరు తెరిచి కాదనేస్తే పోలా? అనబోయాను కూడా. కొంగు అడ్డం ఉంది.

"తూరుపు మంచె నుంచి జవాబు లేదు. పడమటి మంచె, దారి?"

"అక్కా?" మైకులో మస్తానమ్మ. "అక్కా, చెప్పు. నిన్నే అడిగేది."

నేను పలకలేదు.

"అక్కా, ఏమయింది? నీకు బాగుండాదా? అయ్యో, చెప్పక్కా!"

"పడమటి మంచె, దారి?"

ఇంజను చప్పుడు నెత్తి మీదికి వచ్చేస్తోంది. మంచె అద్దాలు గలగలలాడుతున్నాయి. అటు మస్తానమ్మ ఊపిరి వినిపిస్తోంది. ఒకటి తీసింది. వదిలింది. దారి కొస నుంచి కొసకి కన్ను తిప్పేంత సేపు.

"కాదు!"

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"కాదు, ఖాళీ కాదు! బండి ఉండాది! లాగుడు బండి, ఎనకాల ఇమానం కూడా! నట్టనడిమి నిలబడుండారు! పైకి లెయ్, లెయ్ నాయనా, లెయ్!"

విమానం మంచె కప్పు మీదుగా పైకి లేచింది. గాలికి ఎగిరిన ఉప్పు అద్దాల మీద వడగళ్ళలా కొట్టింది. అప్పుడు కొంగు తీశాను. నోరంతా నెత్తురు రుచి.

లాగుడు బండి. ఇవాళ పొద్దుటి డ్యూటీ ఎవరిదో నాకు తెలుసు.

మస్తానమ్మ నాకంటే ముందే బండ్లతో మాట్లాడే లైనులో అరుస్తోంది. "పెంచలా! ఒసే పెంచలా! యాడుండావో తెలుసా నీకు?"

"గీతకి ఇవతలే ఉండా చిన్నజేజీ, దారి తెరిస్తే దాటదామని. ఏమయింది?" పెంచల తాపీగా అంటోంది.

"ఇవతల కాదే పాపిష్టిదానా, దారి మీదుండావు! నీ నెత్తి మీంచి పోయిందేందనుకుంటివి, కాకా? ముందుకి లాగు! ఎదరకే లాగు, ఆగబాక!"

మంచులో గీత కనపడక, దాటేసి, ఇంకా గీతకి ఇవతలే ఉన్నాననుకుని మా పిల్ల నిలబడిపోయింది. పెట్టెకి ఉప్పు పట్టి, మిషను కూడా అది గీతకి ఇవతలే ఉందనుకుంటోంది. వెనక తగిలించిన విమానం నిండా జనం. పైనించి దిగేదాని నిండా జనం. అటూ ఇటూ కలిపి ఎంతమందో నేను లెక్కపెట్టలేదు. ఇప్పటికీ పెట్టను.

విమానం ఆఖరి చుట్టు తిరిగి వచ్చింది.

"తూరుపు మంచె, దారి?"

ఈసారి నోరు తెరిచి చెప్పాను. ఇన్నాళ్ళూ ఇద్దరి చెవుల్లో చెప్పినా ఎవరూ వినని మాట, మైదానమంతా వినేట్టు చెప్పాను. "నాకు కనపడటం లేదు. పడమటి మంచె మాటే మాట."

"పడమటి మంచె, దారి?"

చాలాసేపు పట్టింది. ఎంతసేపైనా పట్టనీ అనుకున్నాను. ఈ జన్మలో అంత ఇష్టంగా ఎవరి ఆలస్యాన్నీ భరించలేదు.

"బండి దాటిపోయిండాది. దాని ఎనకాల ఇమానం తోక కూడా గీత దాటిండాది. ఇప్పుడు ఖాళీ. దిగు."

దిగింది.

కాపలా మారాక నేను మంచె మెట్ల మీద కూర్చున్నాను. పెంచల బండి వదిలేసి పరిగెత్తుకొచ్చింది. మొహమంతా ఉప్పు. నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది.

కాసేపటికి మస్తానమ్మ కూడా వచ్చింది. మైదానం చుట్టూ తిరిగి, చెప్పులు లేకుండా వచ్చింది. "నీ మాట పడకముందే నోరు తెరిచా అక్కా. ఏమనుకోబాక" అంది, ఏడుస్తూ.

జ్యేష్ఠ కార్తె, బుధవారం.

ఇది నా ఆఖరి రాత. రేపు కంటికి ఆపరేషను. ఆ డాక్టరుకి చెయ్యి వణక్కుండా ఉంటే బాగుండు. ఆపరేషను మధ్యలో కరెంటు పోతే ఏం చేస్తారో అడగడం మర్చిపోయాను. రేపు ముందు అదే అడగాలి.

వరస మార్చారు. ఇకమీదట చిన్నవాళ్ళని ముందు అడుగుతారు. ఫిరోజా మేడమ్ గారు తన డ్యూటీ గదిలో కూడా అదే పద్ధతి పెట్టారట. కొత్తగా చేరినవాళ్ళు చెప్పాకే ఆమె నోరు తెరుస్తారట. మంచిదే. కానీ చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ మొహం కేసి చూసి చెప్తే, ఎవరిని ముందు అడిగితే ఏం లాభం? ఈ సంగతి ఆమెకి చెప్పాను. "మీరు నన్ను పడుకోనివ్వరు వెంకాయమ్మ గారూ" అన్నారు.

మస్తానమ్మ తూరుపు మంచెకి వచ్చింది. ఆ రోజునుంచి ఆమె నోటికి గేటు ఊడిపోయింది. నిన్న నా పులుసు నీళ్ళగా ఉందంది. నేను చీర మడత పెట్టే పద్ధతి తప్పంది. నలభై ఏళ్ళ నుంచీ తప్పేనంట. పెంచల పడీ పడీ నవ్వింది. నాకు లోపల మండింది గానీ, మండిన చోటే కాస్త చల్లగా కూడా ఉంది.

పడమటి మంచెకి కొత్తమనిషి వచ్చింది. ఈశ్వరమ్మ. ముప్పై దాటినట్టు లేదు. తాళం పరీక్షలో నాకంటే ఎక్కువ మార్కులట. నెమ్మదస్తురాలు. మస్తానమ్మని "పిన్నమ్మ గారూ" అంటుంది, నన్ను చూసి లేచి నిలబడుతుంది. ఆ మర్యాద చూస్తేనే నాకు గుండె దడ.

అందుకని ఈ పుస్తకం చదివేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. ఎవరినైనా రెండో మంచె ఎక్కించేముందు ఇంటికి పిలిచి భోజనం పెట్టండి.

ఇవాళ మధ్యాహ్నం మేం పెట్టాం. వండింది మస్తానమ్మ. ఈశ్వరమ్మ మొదటి ముద్ద తిని, తలొంచుకుని "బాగుందండీ" అంది.

మస్తానమ్మ గరిటె పక్కన పెట్టేసి, ఆమె కంచం ముందు గొంతుక్కూర్చుంది. "ఇంకో ముద్ద తిను. తిని చెప్పు."

ఆ పిల్ల ఇంకో ముద్ద తింది. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. మేం కళ్ళు దించుకున్నాం. బయట ఏదో విమానం దిగుతున్న చప్పుడు.

"పిన్నమ్మ గారూ... ఉప్పు..." అంది, సగం గొంతుతో.

"గట్టిగా" అంది మస్తానమ్మ.